కొంగు ముడిలో గ్యాస్ బిళ్ళ

పెళ్ళికి పోతే, అక్షింతలు వేసి ఇంకా వెనక్కు తిరగకముందే ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలుస్తారు. "మేడం, ఏమనుకోకండి, కొంచెం గ్యాస్..." అని మొదలుపెడతారు. ఉద్యోగం అయిపోయి తిరుపతిలో స్థిరపడ్డాక ఈ బెడద ఇంకా ఎక్కువైంది. మా వైపు ఛాతీలో మంటకు పేరు గ్యాస్, వీపు పట్టేస్తే గ్యాస్, తల తిరిగితే గ్యాస్, అల్లుడు ముఖం మాడ్చుకుని కూర్చున్నా గ్యాసే. డాక్టరు కనబడితే చాలు, పంక్తిలో కూర్చున్న మనిషిని లేపి మరీ చెబుతారు. నాకు అసలే కోపం ఎక్కువ. అయినా ఈ ఒక్క మాట ఎవరు ఎత్తినా ఓపిగ్గా నిలబడి వింటాను. "ఏ బిళ్ళ వేసుకుంటున్నారు? ఎన్నాళ్ళుగా?" అని అడుగుతాను. పప్పన్నం చల్లారితే చల్లారనీ అనుకుంటాను.

కొత్తగా ఓపీల్లో కూర్చుంటున్న డాక్టరు పిల్లలు కొందరు ఈమధ్య మా ఇంటికి వచ్చి, "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి మేడం" అని అడిగారు. పాము కాటు గురించో, ఆగిన గుండె మళ్ళీ కొట్టుకోవడం గురించో చెబుతానని అనుకుని ఉంటారు. నేను గ్యాస్ బిళ్ళ కథ చెప్పాను. వాళ్ళ ముఖాలు వాడిపోయాయి. పూర్తిగా విన్నాక ఒకమ్మాయి, "ఇది రాయండి మేడం" అంది. అందుకే రాస్తున్నాను.

నా చివరి పోస్టింగు చిత్తూరులో. జనరల్ మెడిసిన్ వార్డు నాది. నా నోరు ఎంత పెద్దదో ఆ వార్డు గోడలకు తెలుసు. నేను రౌండ్సుకు వస్తున్నానంటే మంచాల మీద కూర్చున్న బంధువులు లేచి వరండాలోకి జారుకునేవాళ్ళు. మంచాల కింద పెట్టిన క్యారియర్లు ఇంకా లోపలికి జరిగేవి. మా హెడ్ సిస్టర్ మాత్రం ఎన్నడూ గొంతు పెంచి ఎరగదు. నేను అరిచి వెళ్ళాక నెమ్మదిగా ఆ మంచం దగ్గరకు పోయి, "మేడం చెప్పింది మీ మంచికే, ఉప్పు తగ్గించమంటోంది, అంతే" అని సర్దిచెప్పేది. నా తిట్లను ఆమె తెలుగులోకి తర్జుమా చేస్తుందని స్టాఫ్ అంతా నవ్వుకునేవాళ్ళు. నాకు తెలుసు. తెలిసీ ఊరుకునేదాన్ని, ఎందుకంటే ఆ తర్జుమా లేకపోతే నా వార్డు నడిచేది కాదు.

ఎండలు పూర్తిగా తగ్గకముందు, ఇంకా వానలు మొదలుకాని రోజుల్లో ఆ భార్యాభర్తలు ఓపీకి వచ్చారు. ఐరాల దగ్గర ఒక మామిడి నర్సరీలో అంట్లు కట్టడం ఇద్దరి పని. ఆయనకు యాభై దాటి ఉంటాయి, ఆమె కాస్త చిన్నది. తలుపు దగ్గరనుంచి కుర్చీ దాకా రావడానికే ఆయనకు చాలాసేపు పట్టింది. అడుగులు చిన్నచిన్నవి, నడుస్తుంటే చేతులు ఊగడం లేదు. కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంటే రెండూ వణుకుతున్నాయి. ముఖంలో ఏమీ లేదు. బాధ లేదు, విసుగు లేదు, కొత్త డాక్టరు ముందు కూర్చున్న బెరుకు కూడా లేదు. నేను ఆయన్ను అడిగిన ప్రతి ప్రశ్నకూ, ఆయన పెదవులు కదిలేలోపే ఆమె జవాబు చెప్పేసేది.

ఆమె చెప్పింది ఇది. ఆయనకు చాలా ఏళ్ళుగా షుగరు ఉంది. రెండేళ్ళ కిందట చేతులు వణకడం మొదలైంది. తిరుపతి తీసుకుపోయి నరాల డాక్టరుకు చూపించింది. పార్కిన్సన్స్ అని చెప్పి ఆయన బిళ్ళలు రాశాడు. అవి మొదలుపెట్టినప్పటినుంచీ వాంతులు పట్టుకున్నాయి. రెండు ముద్దలు తింటే గొంతుదాకా నిండినట్టు ఉంటుంది. పొద్దున లేచి కక్కితే రాత్రి తిన్న సంగటి అలాగే బయటికి వస్తుంది. మనిషి సగమైపోయాడు.

"ఊర్లో తాగతాడంటా ఉండారు మేడమ్," అంది. "తాగి తాగి చేతులు వణకతా ఉండాయంట. సుక్క ముట్టిన మనిషి గాదు. అంటు గట్టే చెయ్యి మేడమ్ అది."

నాది వడమాలపేట. మామిడి తోటల మధ్యే పెరిగాను, అయినా అంటు ఎలా కడతారో ఆమె చెప్పేదాకా నాకు సరిగ్గా తెలియదు. నాటు మామిడి టెంకలు మొలిచి లేత ఆకులు వేసిన రోజుల్లో ఆ మొలక తల కోసేస్తారు. కాడను నడిమికి చీలుస్తారు. మంచి చెట్టునుంచి తెచ్చిన పుల్లను రెండు పక్కలా చెక్కి ఆ చీలికలో దింపి, గాలి చొరకుండా ప్లాస్టిక్ పట్టీతో బిగించి కడతారు. పుల్లను ఒక్క కోతలో నున్నగా చెక్కాలి. చెయ్యి అదిరితే రెండు ముఖాలూ అతకవు, సందులో గాలి చేరి అంటు ఎండిపోతుంది. పెళ్ళయినప్పటినుంచీ వాళ్ళ పద్ధతి ఒకటే. ఆయన కోసేవాడు, ఆమె కట్టేది. ఆయన చెయ్యి పడిన బేనీషా మామిడి అంటు చావదని చుట్టుపక్కల పేరు.

వాన పడగానే ఆ పని మొదలవుతుంది. ఈ సీజనుకు చెయ్యి కుదురుకోకపోతే వేరే జంటను పెట్టుకుంటానని నర్సరీ యజమాని చెప్పేశాడు. వాళ్ళు ఉండే ఇల్లు కూడా నర్సరీలోదే. పని పోతే గూడు కూడా పోతుంది. అందుకే ఆమెకు వాంతుల కంటే చేతుల మీదే ధ్యాస. "వానలొచ్చేలోపల తగ్గతాదా?" అని అడిగింది. నేను చేరమన్నాను.

చేర్చుకునేటప్పుడు వేసుకునే మందులన్నీ చూపించమన్నాను. ఆమె సంచీ విప్పి అన్నీ బల్లమీద వరసగా పేర్చింది. షుగరువి, నరాల డాక్టరు రాసినవి, ఒంటికి రక్తం పడుతుందని ఎవరో ఇచ్చిన టానిక్కు. ఇంకేమన్నా ఉన్నాయా అంటే లేవంది. ఆకు పసరు ఏమన్నా తాగించావా, ఊళ్ళో ఆరెంపీ ఏమన్నా సూదులు వేశాడా అని గుచ్చి గుచ్చి అడిగాను. అన్నిటికీ లేదనే చెప్పింది. దాచిపెట్టే మనిషి కాదని చూస్తేనే తెలుస్తోంది. ఆమె నిజమే చెప్పిందని ఇప్పటికీ ఎక్కడైనా చెబుతాను.

గొంతులోంచి ట్యూబు వేసి పొట్ట చూశాం. రాత్రినుంచి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి పొట్టలో నిన్నటి మెతుకులు కనబడ్డాయి. తిన్నది ఊరికే నిలవుండే డబ్బా పొట్ట అని జనం అనుకుంటారు. అది పిసుకుతుంది, నూరుతుంది, కొంచెం కొంచెంగా పేగులోకి తోస్తుంది. ఏళ్ళ తరబడి షుగరు ఉంటే ఆ తోసే పని చేయించే నరాలు దెబ్బతింటాయి. అలాంటి పొట్టను తట్టి పని చేయించే మందులు ఉన్నాయి. మంచి మందులే. రెండు ముద్దలకే చేయి కడుక్కునే మనిషి మళ్ళీ కడుపునిండా తినడం వాటివల్ల ఎన్నోసార్లు చూశాను. కానీ వాటిలో కొన్ని పొట్ట దగ్గరే ఆగవు. మెదడులోకి కూడా పోయి, కాళ్ళూ చేతులూ సాఫీగా కదలడానికి కావలసిన రసాయనాన్ని అడ్డుకుంటాయి. అందుకని పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకు ఆ రకం ఇవ్వకూడదు.

అదే రోజు డ్యూటీ డాక్టరు వాంతులు ఆగాలని మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ రాశాడు. అచ్చంగా ఆ రకమే. నేను కొట్టేశాను. కొట్టేసి ఊరుకున్నానా? ఆయన చేతులు చూశావా లేదా, చదువుకునేటప్పుడు ఆ పేజీ చింపేసుకున్నావా అని వార్డు దద్దరిల్లేలా వాయించాను. ఏం జరిగిందని ఆమె భయపడి హెడ్ సిస్టర్ని అడిగితే, "మీ ఆయనకు పడని సూది వేయబోతే మేడం ఆపింది" అని సిస్టర్ తర్జుమా చేసింది. ఆమె వచ్చి నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ దండాన్ని నేను హాయిగా పుచ్చుకున్నాను. ఎంత పెద్ద డాక్టర్నో అనుకున్నాను కూడా.

సెలైన్ పెట్టాం, షుగరు అదుపులోకి తెచ్చాం. వాంతులు ఒకరోజు తగ్గినట్టే తగ్గి, మళ్ళీ మొదలయ్యేవి. చేతుల వణుకులో మాత్రం రవ్వంత మార్పు లేదు.

ఒక మధ్యాహ్నం ఓపీ ముగించుకుని పోతుంటే ఆమె వరండాలో నా వెనకే వచ్చింది. ఏదో అడగాలని, నోరు రాక ఆగుతోంది. నాకు ఆకలి. "ఏందమ్మా, చెప్పు" అని విసుక్కున్నాను. అప్పుడు చెప్పింది. చేతులు వణకడం మొదలైన ఏడాది, అంట్లు వరసగా ఎండిపోతుంటే, పని పోతుందన్న భయంతో ఆమే కత్తి పట్టుకుంది. ఏళ్ళ తరబడి పక్కన కూర్చుని చూసిన పనే కదా, చెయ్యి త్వరగానే కుదిరింది, కానీ కోతా కట్టూ రెండూ ఒక్కతే చేస్తే పని సగమే సాగేది. ఆయన పక్కన కూర్చుని చూస్తూ ఉన్నాడు. ఏమీ అనలేదు. అంతకుముందు ఆయన నర్సరీలో కూలీలందరినీ నవ్వించే మనిషి. ఆమె వంట మీద, ఆమె పుట్టింటివాళ్ళ మీద, ఆమె నడక మీద ఏదో ఒకటి అనకుండా ముద్ద మింగేవాడు కాదు.

"నేను కత్తి బట్టిన కాడినుంచి నా మొగం సూసి నవ్వలే మేడమ్," అంది. "రెండేండ్లాయ. ఆయప్ప పని నేను లాక్కున్నానని కోపం. నాతో జెప్పడు. మీరన్నా అడగండి."

ఈ జబ్బులో ముఖం కండరాలు కూడా బిగుసుకుంటాయి, నవ్వు వచ్చినా ముఖం మీదికి రాదు, అది కోపం కాదు అని నేను వివరంగా చెప్పాను. డాక్టర్లు చెప్పేదానికి జనం ఎలా తలూపుతారో అలా తలూపింది. నమ్మలేదు. రెండేళ్ళపాటు ఎదురుగా ఆ ముఖం చూసిన మనిషి ఒక్క మాటతో ఎలా నమ్ముతుంది?

మర్నాడు రౌండ్సులో ఆమె ముందే ఆయన్ను అడిగాను. "ఏమప్పా, ఆమె కత్తి పట్టిందని నీకు కోపమా?"

చాలాసేపు ఆయన నావైపే చూశాడు. రెప్ప కూడా వేయలేదు. ఆ తర్వాత పెదవులు కదిలాయి.

"కోపం లేదు," అన్నాడు.

గొంతులో హెచ్చూ లేదు, తగ్గూ లేదు. ముఖం రాయిలా ఉంది. ఆమె దుప్పటి సర్దుతూ "సరేలే" అంది. పుస్తకాలు చదివినదాన్ని, కారణం తెలిసినదాన్ని, నాకే ఒక క్షణం ఈయన అబద్ధం చెబుతున్నాడేమో అనిపించింది. ఇక ఆమెను ఏమనగలను?

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా ఆఫీసు గుమాస్తా రిటైర్మెంటు వచ్చింది. క్యాంటీన్లో పూరీలు, మసాలా వడలు. వద్దనుకుంటూనే తిన్నాను. వడలు మళ్ళీ పెట్టించుకున్నాను. మధ్యాహ్నం రౌండ్సుకు వచ్చేసరికి పొట్ట రాయిలా బిగుసుకుపోయింది, ఒకటే త్రేన్పులు. ఆయన మంచం దగ్గర నిలబడి చార్టు చూస్తూ నాకు తెలియకుండానే పొట్టమీద చెయ్యి వేసుకున్నాను. ఎవరూ గమనించలేదు, ఆమె గమనించింది.

కడుపుబ్బరమా అని అడిగింది. అవునమ్మా, ఆ వడలు కొంప ముంచాయన్నాను. ఆమె వెంటనే కొంగు చివర ముడి విప్పింది. అందులో కత్తెరతో కత్తిరించిన బిళ్ళల అట్ట ముక్క ఉంది. నా చేతిలో పెట్టింది.

"ఇదొకటి ఏసుకోండి మేడమ్. తినేదానికి ముందర ఏసుకోవాల, అయినా ఏం గాదు. శానా బాగా పనిజేస్తాది."

నిజం చెబుతున్నాను, నేను వేసుకునేదాన్నే. సిస్టర్ని నీళ్ళు కూడా అడిగాను. అలవాటు కొద్దీ అట్ట వెనక్కు తిప్పి చూశాను. పేరు సగం కత్తెరకు పోయింది. మిగిలిన సగం చాలు. ఆమ్లం తగ్గించే మందుతోపాటు లెవోసల్పిరైడ్ కలిపిన బిళ్ళ. పొట్టచేత తిండిని ముందుకు తోయించే మందే. నేను వార్డు దద్దరిల్లేలా కొట్టేసిన ఇంజెక్షన్‌కు దగ్గరి చుట్టం.

ఇది ఎవరు వేసుకుంటారని అడిగాను. ఆయనే అంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఇక్కడికి వచ్చాక కూడా ఒక్క పూట తప్పలేదంది. ఆ మాట కొంచెం గర్వంగానే చెప్పింది. మరి మందులన్నీ చూపించమంటే ఇదెందుకు చూపించలేదమ్మా అన్నాను. నేను ఏమడుగుతున్నానో ఆమెకు అర్థం కాలేదు.

"ఇది మందు గాదు గదా మేడమ్," అంది. "గ్యాస్ బిళ్ళ."

పిల్లలూ, మీకు చెప్పేది ఇక్కడే ఉంది. మన జనం లెక్కలో షుగరు బిళ్ళ మందు, బీపీ బిళ్ళ మందు. గ్యాస్ బిళ్ళ వక్కాకులాంటిది. కొంగులో ఉంటుంది, జేబులో ఉంటుంది, బస్సులో పక్క సీటువాళ్ళకు ఇస్తారు. ఏ మందులు వాడుతున్నారని మీరు ఎన్నిసార్లు అడిగినా అది బయటికి రాదు. దాన్ని పేరుపెట్టి అడగాలి. ఆ రోజునుంచీ నేను అలాగే అడుగుతున్నాను, పెళ్ళి పందిట్లో అయినా సరే.

మిగతాదంతా నిలబడినచోటే అడిగి రాబట్టాను. ఏళ్ళ కిందట ఆయన రెండు ముద్దలకే చాలంటుంటే చిత్తూరులో ఎవరో డాక్టరు రెండు వారాలకని ఈ బిళ్ళ రాశాడు. అద్భుతంగా పనిచేసింది. ఆయన కడుపునిండా తిన్నాడు. చీటీ ఎక్కడో పోయింది. అయిపోయిన అట్టలోంచి ఒక ముక్క కత్తిరించి దగ్గర పెట్టుకుని, ఆమె దాన్ని షాపులో చూపించి కొనుక్కొస్తూ వచ్చింది. రెండు వారాల బిళ్ళ ఏళ్ళకేళ్ళు నడిచింది. వణుకు వచ్చింది. వణుకు తగ్గాలని నరాల డాక్టరు మందు రాశాడు. ఆ మందుకు వాంతులు రావడం మామూలే. వాంతులు వస్తున్నాయని ఆమె రోజుకు ఒకటి వేసే గ్యాస్ బిళ్ళను రెండు చేసింది. వణుకు ఇంకా పెరిగింది. ఒక మందు ఆ మనిషిని ఒకవైపు లాగుతోంది, రెండోది ఇంకోవైపు లాగుతోంది, రెండిటినీ వేళ తప్పకుండా ఇస్తున్నది ఈమె.

నాకు కోపం తన్నుకొచ్చింది. అరవడానికి నోరు తెరిచాను. హెడ్ సిస్టర్ అలవాటు ప్రకారం మంచం దగ్గరకు వచ్చి నిలబడింది. కానీ ఎవరిమీద అరవాలి? మొగుడు నాలుగు ముద్దలు తినాలని బిళ్ళ ఇచ్చిన ఈ మనిషి మీదా? నా గదిలోకి పోయి, చిత్తూరులో ఆమె ఆ బిళ్ళ కొనే మందుల షాపుకు ఫోను చేశాను, వాడినైనా దులుపుదామని. అతను ముందు భయపడ్డాడు, ఆ తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఆమె ఐరాలనుంచి ఎండలో పడి వస్తుందట, బిళ్ళ లేకపోతే మా ఇంటాయన అన్నం తినడని బతిమాలుతుందట, వట్టి చేతులతో పంపడానికి మనసు రాదట. చీటీ లేనిదే ఇకమీద ఇవ్వొద్దని గట్టిగానే చెప్పాను, తిట్టడానికి మాత్రం నోరు రాలేదు. తిరుపతి నరాల డాక్టరుకు చేశాను. వణుకు రెండు చేతులకూ ఒకేసారి మొదలైంది, పార్కిన్సన్స్ అయితే మామూలుగా ముందు ఒక చేతికే వస్తుంది, అప్పుడే అనుమానం రావాల్సింది అన్నాడు. వేరే మందులేమన్నా వాడుతున్నారా అని తనూ అడిగానన్నాడు. నాకూ లేదనే చెప్పారన్నాను. ఫోను పెట్టేశాను. నా ఉద్యోగంలో అంత కోపం వచ్చి, అరవడానికి ఒక్క మనిషి కూడా దొరకని రోజు అదొక్కటే.

తిరిగి వార్డుకు వచ్చి ఆయన మంచం మీద కూర్చున్నాను. రోగి మంచం మీద ఎవరైనా కూర్చుంటే చంపినంత పని చేసేదాన్ని, ఆ రోజు నేనే కూర్చున్నాను. ఇది బహుశా పార్కిన్సన్స్ కాకపోవచ్చు, ఈ బిళ్ళ వల్ల వచ్చిన వణుకు కావచ్చు, దీన్ని ఆపేద్దాం అని చెప్పాను. ఎంత మెల్లగా చెప్పినా ఆమెకు వెంటనే అర్థమైపోయింది.

"అంటే నేనేనా మేడమ్?" అంది. "నా చేత్తోనే ఇస్తిని గదా."

సిస్టర్ వైపు చూశాను. ఎవరేమన్నా దానికి మెత్తటి మాట వెతికి తెచ్చే ఆమె కూడా నేలచూపులు చూస్తోంది.

మాట్లాడింది ఆయన. ఒక్కో మాటా లోపలినుంచి మోసుకొచ్చినట్టు వచ్చింది. "అది ఏసుకున్నాకనే నేను నాలుగు ముద్దలు తింటిని. ఆమె తప్పేముండాది."

ఆ ముఖంతో, ఆ చదును గొంతుతోనే అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అప్పుడు నేను ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాను, ఆయన అన్నది నిజమేనమ్మా, ఆ బిళ్ళ ఆయనకు మేలే చేసింది, ఎప్పుడు ఆపాలో నీకు చెప్పాల్సినవాళ్ళం ఎవరమూ చెప్పలేదు. ఆమె ఏడుపు ఆపి, వణుకు తగ్గుతుందా అని అడిగింది. చాలామందికి తగ్గుతుంది, కొందరికి పూర్తిగా తగ్గదు, నెలలు పడుతుంది అన్నాను. అంతకంటే మాట ఇవ్వడానికి నాకు ధైర్యం చాల్లేదు. వానలొచ్చేలోపు అన్న ఆశ మాత్రం అక్కడే వదులుకోమన్నాను.

బిళ్ళ ఆపగానే పొట్ట ఎదురు తిరిగింది. ఆ వారం ఆయన పడిన అవస్థ చూసి, మళ్ళీ మొదలుపెడదామా అని నాకే మనసు ఊగింది. తిండి మొత్తం మార్చేశాం. సంగటి ముద్ద వద్దు, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి వద్దు. అన్నం మెత్తగా ఉడికించి, మజ్జిగ పోసి పలచగా కలిపి, కొంచెం కొంచెంగా, ఆకలేసినా వేయకపోయినా రోజంతా పెట్టాలి. తిన్నాక పడుకోకుండా నాలుగడుగులు వేయాలి. సంగటి లేకుండా బతకమంటారా అన్నట్టు ఆయన పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. మెదడు దాకా పెద్దగా పోని రకం ఇంకొక బిళ్ళ కొద్దిరోజులకు ఇచ్చాను. ఎప్పుడు ఆపాలో సిస్టర్ ఆమెతో పదేపదే చెప్పించుకుంది. నరాల డాక్టరు తన మందులు మెల్లగా తగ్గించుకుంటూ వచ్చి ఆపేశాడు.

ఇంటికి పంపే ముందు నర్సరీ యజమానితో ఫోన్లో మాట్లాడాను. ఎవరు కోస్తే నాకేం మేడం, పని జరగాలి, కోయడానికి ఒకరు కట్టడానికి ఒకరు ఉండాలి, వాన పడితే మొలకలు ఆగవు అన్నాడు. అదీ న్యాయమే. కత్తి ఎలాగూ ఆమె చేతిలో ఉంది. ఆయన కనీసం పట్టీ బిగించి కట్టగలిగితే ఇల్లు నిలుస్తుంది. లేకపోతే లేదు.

ఇంటికి పోయాక మొదటిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు మార్పేమీ లేదు. వాంతులు తగ్గాయి, చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. ఇంట్లో గుడ్డ పీలికలు కర్రకు చుట్టి కట్టడం నేర్పిస్తున్నానని ఆమె చెప్పింది. ఆయనే ఒకప్పుడు ఆమెకు నేర్పిన పని అది. మూడోవంతు కట్టేసరికి జారిపోతోందట. ఆ తర్వాత వానలు పడ్డాయి. రమ్మన్న రోజుకు వాళ్ళు రాలేదు. ఆ పైన కూడా రాలేదు. నర్సరీ వదిలి ఎక్కడికో పోయి ఉంటారని నేను అనుకున్నాను. ఓపీలో ఎవరైనా కొంగు ముడి విప్పితే వాళ్ళే గుర్తొచ్చేవాళ్ళు. రమ్మంటే రారు, బుద్ధి లేని మనుషులు అని నేను సణుగుతుంటే, అంట్ల పని ఉంటుంది మేడం, తీరిక ఉండదు అని సిస్టర్ అనేది. నా సణుగుడుకు కూడా ఆమె దగ్గర తర్జుమా ఉంది.

వానలు వెనకబట్టాక, ఓపీ పలచగా ఉన్న ఒక పూట వచ్చారు. తలుపు దగ్గర ఆయన్ను చూసి ముందు గుర్తుపట్టలేదు. చేతులు ఊపుకుంటూ నడిచి వచ్చి, నేను చెప్పకముందే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కొంచెం ఒళ్ళు చేశాడు. రెండు చేతులూ చాపమన్నాను. కుడిచేయి దాదాపు కుదురుగా ఉంది. ఎడమచేతి వేళ్ళు ఇంకా అదురుతున్నాయి. గ్లాసులో నీళ్ళు పోసి ఇంకో గ్లాసులోకి వంచమన్నాను. కొన్ని చుక్కలు బల్లమీద పడ్డాయి, అంతే.

ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని ముందు బాగా చీవాట్లు పెట్టాను. ఆ తర్వాత అంట్లు కట్టారా అని అడిగాను. ఎప్పటిలా ఆమె నోరు తెరిచింది. ఈసారి ఆయన మాట ముందు వచ్చింది.

"కట్టినాం మేడమ్. కోసింది ఆమె. నా చెయ్యి ఇంగా కత్తికి రాలే. నేను పట్టీ గట్టినా."

బతికాయా అన్నాను.

"బతికినాయి. నాకంటే ఆమె కోతే నున్నగుంటాది. వాళ్ళ పుట్టింటోళ్ళు మంగలోళ్ళేమో అని రెండేండ్లుగా అడగాలనుకుంటా ఉండా."

ఆ మాట అంటుంటే ఆయన పెదవి ఒక పక్కకు లేచింది. బుగ్గ కదిలింది. కళ్ళ దగ్గర ముడతలు పడ్డాయి. నేను ఆయన ముఖాన్ని అన్నాళ్ళు చూసినా, అది నవ్వితే ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆమెకు తెలుసు. బల్ల పక్కన నిలబడ్డ మనిషి ఆయన ఎదురుగా వచ్చి, కొంచెం వంగి, ఆ ముఖంలోకి చూసింది. నేనూ సిస్టరూ అక్కడ ఉన్నామన్న సంగతి మరిచిపోయింది.

"అయితే నామీద నీకు కోపం లేదా?" అంది.

"కోపం లేదు," అన్నాడు ఆయన. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది.

ఆమె కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. "ఈ మాట అప్పుడే ఎందుకు జెప్పలేదయ్యా నువ్వు?"

"జెప్పినా గదమ్మే," అన్నాడు. "మేడమ్ ముందరనే."

చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను.